డాక్టర్ డెనిస్ బర్కిట్

డాక్టర్ డెనిస్ బర్కిట్ 1911వ సంవత్సరము ఫిబ్రవరి 28న ఐర్లాండు ఉత్తర భాగమందలి ఎన్నిస్కిలెన్‌లో జన్మించారు. తండ్రిగారు ఇంజనీరు. తీరిక వేళలలో పిట్టల కాళ్ళకు కడియములు తొడిగి, ఏ పిట్ట ఎంత మేర తిరుగునో పటము గీసేవారు. కుమారుడు వైద్యుడైనను ఈ పటముల పిచ్చి ఆయనకును అబ్బినది.

పదకొండవ యేట ఒక ప్రమాదములో ఆయనకు ఒక కన్ను పోయినది. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ఇంజనీరింగులో చేరి, అక్కడి విద్యార్థుల ప్రార్థన కూటములో ప్రభువును ఎరిగి, వైద్యవిద్యకు మారారు. ఒంటికన్ను కారణముగా వలస ప్రభుత్వ వైద్యశాఖవారు మొదట ఆయనను తీసికొనలేదు. యుద్ధము ముగిసిన తరువాత 1946లో ఆ శాఖ తరపుననే ఉగాండాకు వెళ్ళారు.

1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో డాక్టర్ హ్యూ ట్రోవెల్ ఒక చిన్న బాలుని చూపించారు. వాని దవడలు రెండు ప్రక్కల వాచియున్నవి. కొద్దికాలమునకే జింజా ఆసుపత్రి కిటికీలోనుండి చూడగా, అటువంటి ముఖముతోనే మరొక బిడ్డ కనబడినది. అది మొదలు ఆయనకు నిద్ర లేదనవచ్చును. పాత రికార్డులు తిరగవేశారు, ఆఫ్రికాలోని ఆసుపత్రులకు ఉత్తరములు వ్రాశారు. 1961లో మరి ఇద్దరు మిషనెరీ డాక్టర్లతో కలసి 250 పౌనులకు కొన్న పాత కారులో పది వారములపాటు సుమారు 10,000 మైళ్ళు తిరిగి, యాభైకి పైగా ఆసుపత్రులను దర్శించారు. ఎత్తయిన చల్లని చోట్లను, వర్షము తక్కువైన చోట్లను ఆ వ్యాధి లేదని పటము తేల్చినది. దోమల ద్వారా వ్యాపించే వైరస్ ఏదో కారణమని ఆయన అనుమానము. అది పూర్తిగా నిజము కాలేదు. ఆయన పంపిన కణుతుల ముక్కలలో 1964లో ఎప్‌స్టైన్ బృందమువారు కొత్త వైరస్‌ను కనుగొన్నారు గాని, దానిని మోసేది దోమ కాదు. దోమ తెచ్చే మలేరియా మాత్రము ఆ వ్యాధికి తోడ్పడుచున్నదని తరువాత తెలిసినది. రేడియేషను యంత్రము లేని ఆ ఆసుపత్రిలో ఆయన మందులతోనే వైద్యము చేయగా కొందరు పిల్లలు బ్రతికి బయటపడ్డారు. ఆ కేన్సరును నేటికిని బర్కిట్ లింఫోమా అందురు.

1966లో లండను చేరిన తరువాత మరొక ప్రశ్న ఆయనను పట్టుకొన్నది. ఇంగ్లండులో నిత్యము చూచే అపెండిసైటిస్, పిత్తాశయ రాళ్ళు, పెద్దప్రేగు జబ్బులు ఆఫ్రికా పల్లెలలో ఎందుకు అరుదు? కనిపెట్టుటకు ఆయన వాడిన సాధనము పోస్టు కార్యాలయమే. నూటికి పైగా ఆసుపత్రులకు, విశేషముగా మిషను ఆసుపత్రులకు, నెలనెలా ప్రశ్నపత్రములు పంపి లెక్కలు తెప్పించేవారు. అడవి ప్రాంతములలో నర్సులు, డాక్టర్లు ఓపికగా వ్రాసి ఉంచిన రిజిష్టర్లు లేనిచో ఆయన పరిశోధన లేదు. (మన సంఘముల రిజిష్టర్ల స్థితి ఎరిగిన మాకు ఈ సంగతి వ్రాయుచుండగా కొంచెము సిగ్గే కలిగినది.)

పొట్టు తీసిన పిండి, పంచదార తినే జనులకు ఆహారములో పీచు తగ్గి ఈ జబ్బులు కలుగుచున్నవని ఆయన వాదించారు. మలము బరువును, ఆహారము ప్రేగులు దాటే కాలమును కొలిచి, ఆ లెక్కలను సభలలో మొహమాటము లేక చెప్పేవారు. అన్నిటికి పీచునే కారణము చేసినారని విమర్శ వచ్చినది, అది కొంతవరకు న్యాయమే. అయినను మధుమేహము, గుండె జబ్బు, పెద్దప్రేగు కేన్సరుల విషయములో పీచు మేలు చేయునని తరువాతి పరిశోధనలు చూపినవి. మిల్లులో తెల్లగా పాలిషు పట్టించి అన్నము మనము తిని, తవుడు గేదెలకు పెట్టుచున్నాము గదా!

1972లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. ప్రతి ఉదయము చీకటితోనే లేచి బైబిలు చదివి ప్రార్థించుట ఆయన మానలేదు. 1993 మార్చి 23న, 82వ యేట, ప్రభువునందు నిద్రించారు.