తోప్ కా సాంచా – మూసా రహీం

ఈ సంచికలో ఏదైనా చరిత్ర విషయం వ్రాయుమని పెద్దలు అడిగినందున ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

మా చిన్నతనమున ముడిమ్యాలలో మా తాతగారి ఇంట్లో గోడకు ఒక పాత బందూకు వేలాడుతుండేది. ఘోడా పక్కన ఉన్న ఇనుప పట్టీ మీద ఏవో అక్షరాలు, ఒక గుర్తు ఉండేవి. ఒక పండుగ ముందర తుప్పు వదలగొట్టుమని ఒక కారీగరుకు ఇచ్చినారు. ఆయన ఆకురాయితో రాకి అద్దం లాగ మెరిపించి తెచ్చినాడు. అక్షరాలు కూడ తుప్పుతో పాటే పోయినవి. తర్వాత ఆ బందూకును ఠాణాలో అప్పగించినారు. అది ఎక్కడ తయారైందో మాకు ఇక తెలిసే దారి లేదు.

పాత ఆయుధాలు సేకరించే వారు ముందుగా చూసేది ఈ గుర్తులనే. ఇంగ్లీషు కంపెనీ వారి బందూకుల మీద హృదయం ఆకారంలో ఒక ముద్ర, అందులో కంపెనీ పేరులోని అక్షరాలు ఉండేవి. 1808 ప్రాంతం నుంచి దాని బదులు సింహం బొమ్మ వచ్చింది. టిప్పు సుల్తాన్ కార్ఖానాల బందూకుల మీద పులి గుర్తులుంటాయి. ఆయన మౌలూదీ శకం నాణేల మీద సంవత్సరపు అంకెలు కుడి నుంచి ఎడమకు ఉంటాయి. మేము బడిలో ఉర్దూ అక్షరాలు కుడి నుంచి, అంకెలు ఎడమ నుంచి చదవాలని నేర్పుతాము. ఆ లెక్కన చదివితే 1224 కాస్తా 4221 అవుతుంది! తెలిసినవాడికే గుర్తు మాట్లాడుతుంది.

మన హైదరాబాదులోనూ అటువంటి ఒక కార్ఖానా ఉండేది. అబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని బస్సు కండక్టర్లు పిలిచే చోటే అది. పాతవారు తోప్ కా సాంచా అంటారు, అనగా తోపులు పోతపోసే అచ్చు. దానిని నడిపిన మనిషి మిషెల్ జోయాకిమ్ మారీ రేమాండ్.

రేమాండ్ 1755లో ఫ్రాన్సు దేశంలోని గాస్కనీ ప్రాంతంలో పుట్టినాడు. తండ్రి వ్యాపారి. తానూ వ్యాపారం చేద్దామనే 1775లో పుదుచ్చేరికి వచ్చినాడు. కాని త్రాసు విడిచి కత్తి పట్టినాడు. మైసూరులో హైదర్ అలీ కొలువులో ఉన్న ఫ్రెంచి దళంలో చేరినాడు. ఆ తర్వాత ఫ్రెంచి సేనాని బుస్సీ వద్ద పనిచేసినాడు. 1785లో బుస్సీ చనిపోగా, మరుసటి యేడు నిజాం అలీ ఖాన్ కొలువులో చేరినాడు.

అప్పుడు ఆయన చేతి కింద ఉన్నది మూడు వందల మంది సిపాయిలు మాత్రమే. వారి బందూకులు కూడ సొంతవి కావు! ఒక ఫ్రెంచి వ్యాపారి దగ్గర ఒక్కొక్క బందూకు నెలకు ఎనిమిది అణాల కిరాయికి తెచ్చినవి. కిరాయి బందూకుతో ఎన్నాళ్ళు నిలబడగలము అని ఆయనకు తోచి ఉండవచ్చును. మన పనివాళ్ళకు ఫ్రెంచి పద్ధతి నేర్పించి తోపులు, గుండ్లు, బందూకులు ఇక్కడే తయారు చేయించినాడు. సిపాయిలకు కవాతు నేర్పినాడు.

1795 మార్చిలో ఖర్దా వద్ద మరాఠాలతో జరిగిన యుద్ధంలో నిజాం ఓడిపోయినాడు, కాని రేమాండ్ పటాలాలు గట్టిగా నిలబడినవి. అప్పటికి ఆయన ఫౌజు పదివేలు దాటింది. ఆ యేడే నిజాం కుమారుడు అలీ జాహ్ తిరగబడగా, రేమాండే వెళ్ళి పట్టుకున్నాడు. దానితో దర్బారులో ఆయన మాటకు ఎదురు లేకపోయింది. ఇంగ్లీషువారికి కంటిలో నలుసు అయినాడు.

1798 మార్చి 25న, 43వ ఏట, రేమాండ్ చనిపోయినాడు. విషం పెట్టినారని జనం చెప్పుకున్నారు, రుజువు మాత్రం లేదు. తర్వాత పిరాన్ అనే ఫ్రెంచివాడు ఫౌజుకు పెద్ద అయినాడు. సెప్టెంబరు 1న నిజాం ఇంగ్లీషువారితో ఒడంబడిక చేసుకున్నాడు. ఫ్రెంచి ఫౌజును తీసివేయాలన్నది అందులో షరతు. బాకీ జీతాల కోసం సిపాయిలు తమ అధికారుల మీదనే తిరగబడినారు. అక్టోబరులో సుమారు 14 వేల మంది ఆయుధాలు క్రింద పెట్టినారు. ఒక్క గుండు కూడ పేలలేదు. పన్నెండేళ్ళు కట్టిన దానికి ఏడు నెలలు చాలినవి.

మాకు ఈ కథలో గుచ్చుకునేది ఇదే. బందూకులు ఉన్నవి, మనుషులు ఉన్నారు, నేర్చిన పనివాళ్ళు ఉన్నారు. కాని అంతా ఒక్క మనిషి మీద నిలిచి ఉండెను. ఆయన పోగానే కవాతు నేర్చిన చేతులకు దిక్కు లేకపోయింది.

జనం మాత్రం ఆయనను మరువలేదు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరు ఆయనదే. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఉంది. పక్కనున్న మంటపం 2001 వానలకు కూలితే తిరిగి కట్టినారు. సమాధి నల్లరాతి స్తంభం మీద జే, ఆర్ అని రెండక్షరాలున్నాయి. బందూకు మీద కార్ఖానా గుర్తు ఎంత ఉంటుందో, అంతే!

అందుచేత సభ్యులకు మా విన్నపము. ఇంట్లో పాత కత్తి గాని, గిన్నె గాని, కాగితం గాని ఉంటే మెరుపు కోసం రాకవద్దు. దాని మీద అక్షరం ఉన్నదేమో ముందు చూడండి, చదవనిది పిల్లలతో చదివించండి. అట్లే మన సంఘం పని కూడ ఒక్కరి భుజం మీద పెట్టక, చేతికి చేయి అందించుకుందాము. గుర్తు చెరగకుంటేనే తర్వాతి వాడు చదువుతాడు, పని నేర్పితేనే తర్వాతి వాడు చేస్తాడు.