నక్షత్రాలకు పటం వేయించిన నవాబు

అంతర్వేది తీరాన వేసవి రాత్రి నిలిచి సముద్రం మీది ఆకాశాన్ని చూచిన వారికి వృశ్చికరాశి, దాని శిరోభాగాన అనూరాధా తారలు దర్శనమిస్తాయి. ఆ తారల మధ్య శూన్యంగా తోచే చోటున కంటికి అందని చుక్కలెన్నో ఉన్నాయి. వాటిని ఛాయాచిత్రాలలో పట్టి లెక్కగట్టిన మహాకార్యం హైదరాబాదులో జరిగింది. దానికి ఆద్యుడు నవాబు జఫర్ జంగ్.

ఆయన హైదరాబాదు ప్రభువర్గానికి చెందినవాడు, ఇంగ్లండులో విద్యనభ్యసించినవాడు. జ్యోతిశ్శాస్త్రం ఆయనకు వృత్తి కాదు, వ్యసనం. స్వంత ధనం వెచ్చించి గ్రబ్ కంపెనీ వారి 15 అంగుళాల దూరదర్శినిని కొని, 1901లో ఫిసల్‌బండలో వేధశాలను స్థాపించి, నిజాము అనుమతితో దానికి నిజామియా అని పేరుపెట్టారు. అంతటితో తృప్తి చెందక, ఆకాశాన్ని ఛాయాచిత్రాలు తీయడానికి కుక్ కంపెనీ వారి 8 అంగుళాల యంత్రాన్ని కూడ సమకూర్చుకొన్నారు.

కంటి కంటె ఛాయాచిత్రం ఏ విధంగా మిన్న? కన్ను కాంతిని కూడబెట్టలేదు; గాజుపలక క్షణక్షణం కూడబెట్టుకొంటుంది. ముసలిదైన నక్షత్రం విడిచిన వాయువుల పొరను గ్రహ నీహారిక అంటారు. గ్రహబింబం వలె కనిపించడమే ఆ పేరుకు కారణం. గ్రహాలతో దానికి సంబంధం లేదు. అభిజిత్తుకు సమీపాన గల వలయ నీహారిక అట్టిదే. దాని నడుమ నున్న మినుకుచుక్కను 1886లో ఛాయాచిత్రంలో పట్టినవాడు హంగరీ దేశస్థుడు గోథార్డ్. అతడును స్వంత వేధశాల కట్టుకొన్నవాడే.

1887లో పారిసు మహాసభ ఆకాశమంతటికీ ఇట్టి చిత్రాలతో పటం తయారుచేయ సంకల్పించి, వివిధ దేశాల వేధశాలలకు భాగాలు పంచింది. ఆ యజ్ఞంలో హైదరాబాదు పాలుపంచుకొనడాన్ని చూచే భాగ్యం జఫర్ జంగ్‌కు దక్కలేదు. 1907లో ఆయన మరణించారు.

యంత్రాలు మూలబడవలసిన ఘడియ అది. కాని 1908లో నిజాము ప్రభుత్వం వేధశాలను స్వీకరించింది. తరువాత అది బేగంపేటకు మారింది. చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ గార్లు వరుసగా అధ్యక్షులైనారు. చిలీ దేశపు వేధశాల పూర్తిచేయలేకపోయిన దక్షిణ 17 నుంచి 23 అంశల పట్టీ హైదరాబాదు పాలబడింది. అనూరాధా తారలలో రెండు ఆ పట్టీలోనివే. యూరపులో దిగంతాన వాలి కనిపించే ఆ భాగం మనకు బాగా ఎత్తున కనబడుతుంది. తరువాత ఉత్తరాన మరొక పట్టీ కూడ చేరింది. ఏడున్నర లక్షలకు పైబడిన నక్షత్రాల స్థానాలు 12 సంపుటాలకెక్కాయి.

పాతబడిన కొలది ఆ కొలతల విలువ పెరిగింది. హిప్పార్కస్ ఉపగ్రహం తీసిన కొలతలను ఈ పాత పట్టికలతో సరిపోల్చి, 25 లక్షల నక్షత్రాల చలనాలను లెక్కించి 2000లో ప్రకటించారు. తొలి కొలత లేనిదే చలనం తెలియదు గదా! జఫర్ జంగ్ ఒక్క పలకనైనా కొలవలేదు. అయినా ఆయన కొన్న యంత్రం ఆయన వెనుక ఆగిపోలేదు. విద్యను ఆరంభించడం ఒకరి వంతు, కొనసాగించడం పదిమంది వంతు.