ఎర్ర ఇటుకల వెనుక తాటికొండవారు

తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఈ పేరును ఒకసారి నిదానంగా చదవండి. ఇంటిపేరు అచ్చ తెలుగు. పెట్టిన పేరు శ్రీరంగం ఉత్సవమూర్తిది. చెన్నైలో తరతరాలుగా ఉంటున్న మన కుటుంబాల్లో ఇలాంటి పేర్లు కొత్త కాదు. మన బడుల హాజరుపట్టీలు తిరగేస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే ఈ పేరుగల మనిషి కట్టిన గోడల పక్క నుంచే పిల్లలు రోజూ బస్సులో వెళుతున్నారన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆయన 1856లో పుట్టారు. విక్టోరియా రాణి ఏలుబడి చివరి రోజుల్లో మద్రాసులో ప్రభుత్వ భవనాలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. మొగలాయి గుమ్మటాలు, హిందూ స్తంభాలు, ఐరోపా కమానులు కలిపిన ఆ శైలిని ఇండో-సారసెనిక్ అంటారు. నమూనాలు గీసిన వారిలో రాబర్ట్ చిషోమ్, హెన్రీ ఇర్విన్ పేర్లు ప్రసిద్ధం. మైసూరు అంబావిలాస్ ప్యాలెస్ నమూనా కూడా ఇర్విన్‌దే. ఇలాంటివారు కాగితం మీద గీసినదాన్ని ఇటుక, సున్నం, కలపలోకి దించిన కాంట్రాక్టరు నంబెరుమాళ్ శెట్టి.

కాంట్రాక్టరు అనగానే మనకు వేరే బొమ్మ కళ్లముందు మెదులుతుంది. ఆనాటి పని కాస్త ఆలోచించండి. సిమెంటు ఇంకా విరివిగా వాడుకలోకి రాలేదు, ఎక్కువగా గానుగ సున్నమే ఆధారం. కమాను కట్టాలంటే ముందు కింద చెక్క చట్రం నిలపాలి. ఇటుకలు పేర్చి, సున్నం గట్టిపడేదాకా ఓపిక పట్టి, అప్పుడు చట్రం తీయాలి. తొందరపడితే కమాను కూలుతుంది. పైగా ఈ భవనాల్లో చాలాచోట్ల ఎర్ర ఇటుక బయటికే కనిపిస్తుంది. పూత ఉంటే మేస్త్రీ తప్పు దాని కింద దాగుతుంది. పూత లేని గోడలో ఒక్క వరుస వంకరపోయినా నూరేళ్లు అందరికీ కనబడుతూనే ఉంటుంది. హైకోర్టు గోడల దగ్గర నిలబడి చూస్తే పనివాళ్ల చెయ్యి ఎంత నిలకడైనదో తెలుస్తుంది.

ఆ హైకోర్టు పని 1888లో మొదలై 1892 జూలైలో పూర్తయింది. అప్పటికి శెట్టిగారికి 36 ఏళ్లు. ఎత్తైన దాని గుమ్మటమే తర్వాత చాలా ఏళ్లపాటు సముద్రంలో ఓడలకు దీపస్తంభంగా పనిచేసింది. సెంట్రల్ స్టేషన్ దగ్గరి విక్టోరియా పబ్లిక్ హాలూ ఆయన కట్టినదే. 1883లో దానికి పునాదిరాయి వేసింది విజయనగరం మహారాజు ఆనంద గజపతి. ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఆయన చేతిదే. దాని పక్కనే 1909లో తెరిచిన విక్టోరియా స్మారక మందిరం, అంటే నేషనల్ ఆర్ట్ గ్యాలరీ కూడా ఆయనదే. ఆ మందిరానికి గులాబీ రంగు ఇసుకరాయి సత్యవేడు నుంచి వచ్చింది. అప్పట్లో సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఆంధ్రలో ఉంది. ఎగ్మూరు మ్యూజియంకు పిల్లల్ని తీసుకెళ్లే ఉపాధ్యాయులు ఆ రాయిని ఒక్కసారి చేత్తో తాకించండి.

డబ్బూ బాగానే వచ్చింది, బిరుదులూ వచ్చాయి. ముందు రావు బహదూర్, తర్వాత దివాన్ బహదూర్. విదేశీ కారు కొన్న తొలి భారతీయుడు ఆయనేనని చెబుతారు. చేట్‌పట్‌లో ఆయనకు 99 ఇళ్లు ఉండేవట. నూరోది కలిసిరాదన్న నమ్మకంతో అక్కడే ఆగారట. నిజమో కాదోగానీ, 99 దాకా వచ్చిన మనిషిని ఆపింది నమ్మకమొక్కటే అంటే నాకు నవ్వొస్తుంది.

ఆ ఇళ్లలో ఒకటి లెక్కల పుస్తకాల్లోకీ ఎక్కింది. శ్రీనివాస రామానుజన్ 1919లో ఇంగ్లండు నుంచి జబ్బుతో తిరిగొచ్చారు. ఆయన చివరి నెలల్లో వసతి ఇచ్చింది నంబెరుమాళ్ శెట్టే. మొదట ఉంచిన ఇంటి పేరు క్రైనంట్. ఆ పేరులోనే ఇంగ్లీషు ఏడుపు ఉందని, అది అశుభమని రామానుజన్‌కు అనిపించిందట. దాంతో దగ్గర్లోని గొమెట్రా అనే మరో ఇంటికి మార్చారు. మంచం పట్టి కూడా రామానుజన్ లెక్కలు ఆపలేదు. మాక్ తీటా ఫంక్షన్ల గురించి 1920 జనవరిలో హార్డీకి ఉత్తరం రాశారు. అప్పటి కాగితాలు కేంబ్రిడ్జిలో మరుగునపడి 1976లో గానీ బయటపడలేదు. 1920 ఏప్రిల్ 26న గొమెట్రాలోనే ఆయన కన్నుమూశారు. వయసు 32.

ఆ తర్వాత అయిదేళ్లకు, 1925లో, శెట్టిగారూ వెళ్లిపోయారు. ఆయన కట్టిన హైకోర్టులో ఇవాళా కేసులు నడుస్తున్నాయి. కన్నెమరాలో ఇవాళా పిల్లలు పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు.