కలహప్రియుడని పిలువబడిన లోకహితుడు: గిడుగు రామమూర్తి పంతులుగారు

లోకమున కలత పుట్టినప్పుడు జనులు ముందుగా వెదకునది దాని కారణమును గాదు, నింద మోపుటకు తగిన మనుష్యుని. అట్టివానిని పిలుచుటకు మన తెలుగున మాటలకు కొదువ లేదు. కయ్యాలమారి, తగవులమారి, తంపులమారి, కలహప్రియుడు, చిచ్చు పెట్టువాడు అనునవి కొన్ని. ఇరువురి నడుమ పుల్లలు పెట్టువానిని నారదుడని పరిహసించుటయు కలదు. తన వినోదమునకో, లాభమునకో పరులను పోట్లాడించువానికి ఈ మాటలు చెల్లును. కాని సత్యమని తోచినదానిని పలుకక యుండజాలక, అందువలన కలతకు కారణమైనవానికి ఏ మాట చెల్లును? ఈ ప్రశ్నకు సమాధానము మన శ్రీకాకుళపు సీమయందే పుట్టిన ఒక మహనీయుని జీవితమున దొరకును.

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యముననే పితృవియోగము కలిగెను. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అచ్చట వారి సహాధ్యాయి. ఆ చెలిమి తెలుగుభాష చరిత్రనే మలుపు త్రిప్పినది. 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. తీరిక వేళల శ్రీముఖలింగ దేవాలయ శాసనములను స్వయముగా చదువ నేర్చుకొనిరి.

పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి పలుకునకు లిపి లేదు, పుస్తకము లేదు, నాగరికులమనుకొనువారి దృష్టిలో విలువయు లేదు. పంతులుగారు తెలుగు తెలిసిన యొక సవరను తమ యింటనే యుంచుకొని ఆ భాషను అభ్యసించిరి. సవర భాషలో పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టి, ఆ బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. ఈ సేవకు మెచ్చి 1913లో చెన్నపట్టణపు ప్రభుత్వము వారికి రావు బహద్దరు బిరుదమొసగెను. కొండలలో సోకిన మలేరియాకు క్వినైను అధికముగా సేవించుటచే వారికి చెవుడు వచ్చినది. పరుల పలుకును అంత శ్రద్ధతో ఆలకించిన చెవులే వినికిడిని కోల్పోయినవి. అయినను ఆ కృషిని వారు విడువలేదు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథము వెలువడెను. తరువాత నిఘంటువులును వచ్చినవి.

ఇంతవరకు వారిని కలహప్రియుడన్నవారు లేరు. కలహము తెలుగు విషయమున వచ్చినది. పాఠశాలల పరీక్షాధికారిగా ఉత్తరాంధ్రమునకు వచ్చిన యేట్సు దొర, తెలుగువారు పలుకునది యొకటియు పుస్తకములలో వ్రాయునది వేరొకటియు ఎందులకైనదని ప్రశ్నించెను. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులగు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, గిడుగువారు ఈ ప్రశ్నను చేపట్టిరి. శిష్టులు నిత్యము వ్యవహరించు భాషయే విద్యకు తగినదని పంతులుగారి సిద్ధాంతము. ఎన్నడో వాడుక తప్పిన రూపములను వల్లించుటలో బాలుని బుద్ధి వ్యయమగుచుండ, విషయజ్ఞానమునకు చోటెక్కడిదని వారి ఆవేదన. సవర బిడ్డకు సవరలో చదువు చెప్పవలెనన్న వారికి, తెలుగు బిడ్డకు తెలుగువారి పలుకులో చెప్పవలెననుట సహజమే గదా!

దీనితో పండితలోకము అట్టుడికినట్లయ్యెను. 1911లో చెన్నపట్టణమున ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడెను. జయంతి రామయ్య పంతులుగారు ముందు నిలిచి గ్రాంథికపక్షమును నడిపిరి. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును వ్యావహారికమున వ్రాయవచ్చునన్న అనుమతి కొలదికాలమునకే రద్దయ్యెను. 1915లో గురజాడవారు కన్నుమూసిరి. భారమంతయు గిడుగువారిపై పడెను. భాషను చెరుపువాడనియు, సంప్రదాయ విధ్వంసకుడనియు వారిని నిందించిరి. గిడుగు కాదు పిడుగు అన్న మాట నాడు పుట్టినదే.

ఎదిరిపక్షమువారును తెలుగును ప్రేమించినవారే. ప్రాచీన వాఙ్మయముతో సంబంధము తెగిపోవునన్న వారి భయము అకారణము గాదు. పంతులుగారి వాదము కొన్నిమార్లు పరుషముగను ఉండెడిది. వ్యాకరణ పక్షపాతుల గ్రంథములనుండియే వ్యాకరణ దోషములను ఎత్తి చూపినప్పుడు నొచ్చుకొననివారెవ్వరు? కాని వారు వాదించినది గ్రంథ ప్రమాణములతోనే. వ్యావహారిక రూపములు పూర్వుల రచనలలోను కలవని చూపుటకు తాళపత్రములను, శాసనములను పరిశోధించిరి.

1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడినది. అధికముగా గ్రాంథికమున వ్రాసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులగుట గిడుగువారి వాదబలమునకు నిదర్శనము. ఆ యేడే తెలుగు అను పత్రికను స్థాపించి నడిపిరి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రమున చేర్చబడగా, అర్ధశతాబ్దికి మించి నివసించిన ఊరిని వృద్ధాప్యమున విడిచి రాజమహేంద్రవరము చేరిరి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. 1940 జనవరి 22న వారు పరమపదించిరి. నేడు పత్రికలు, పాఠ్యగ్రంథములు వ్యావహారికముననే వెలువడుచున్నవి. వారు పుట్టిన ఆగస్టు 29వ తేదీని తెలుగుభాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

కన్నడ నేలపై బసవేశ్వరుడు జనుల పలుకులో వచనములు చెప్పినప్పుడును, కల్యాణ నగరమున కలత రేపినాడను నింద ఆయనకు తప్పలేదు. తెనుగున పాల్కురికి సోమనాథుడు జాను తెనుగును ఆదరించెను. జనుల భాషను గౌరవించినవారికి నింద కొత్తగాదు.

ఒకనిని కయ్యాలమారి యనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనదగును. ఈ కలత వలన లాభపడినది అతడా, పరులా? అతడు చాటున పుల్లలు పెట్టెనా, సభలో నిలిచి చెప్పెనా? అతడు ఖర్చు చేసినది పరుల సొమ్మా, తన సొమ్మా? పంతులుగారిని ఈ త్రాసున తూచినచో ఆ నిందావాక్యములన్నియు తేలిపోవును. ఈ వ్యాసమును వారు వలదన్న గ్రాంథికముననే వ్రాసితిమి. పాత అలవాటు విడువని మమ్ము వారు తప్పక మందలించియుందురు. ఆ మందలింపునకు తలయొగ్గుచున్నాము.