కొండల మనిషి, ఇంటి మనిషి: జాన్ మ్యూర్

కార్తీకమాసం వచ్చిందంటే మనకు వనభోజనాలు. ఉసిరిచెట్టు దొరకని ఈ దేశంలో ఏ పార్కులోనో ఓక్ చెట్టు కింద దుప్పట్లు పరిచి, ఇళ్ళ నుంచి తెచ్చుకున్న పులిహోర, దద్ధోజనం పంచుకుంటాం. ఇక ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే, కాలిఫోర్నియాలో మనవాళ్ళు తప్పకుండా తీసుకెళ్ళే చోటు యోసెమిటీ. ఆ కొండలు, ఆ పచ్చికబయళ్ళు ఈనాటికీ మిగిలి ఉన్నాయంటే అందుకు ముఖ్య కారకులలో ఒకరు జాన్ మ్యూర్. గడ్డం పెంచుకుని అడవుల్లో ఒంటరిగా తిరిగిన సన్యాసిలాంటి మనిషిగానే చాలామందికి ఆయన తెలుసు. నిజానికి ఆయన భార్యాబిడ్డలను ప్రాణంగా చూసుకున్న సంసారి.

ఆయనా మనలాగే వలస వచ్చినవారే. 1838 ఏప్రిల్ 21న స్కాట్లండులోని డన్బార్‌లో పుట్టారు. 1849లో, పదకొండేళ్ళు నిండకముందే, తండ్రి వెంట విస్కాన్సిన్ చేరారు. తండ్రి దైవభక్తి గలవాడే కానీ మహా కఠినుడు. దెబ్బలు కొట్టి బైబిల్ కంఠస్థం చేయించేవాడు, పొలంలో గొడ్డుచాకిరీ చేయించేవాడు. ఉలితో రాతిలో బావి తవ్వుతూ అడుగున విషవాయువు కమ్మి కుర్రవాడు చావు తప్పించుకున్నాడు. తర్వాత 1867లో ఇండియానాపోలిస్ ఫ్యాక్టరీలో పనిముట్టు జారి కుడికంట్లో గుచ్చుకుంది. రెండో కన్నూ మసకబారింది. కొన్ని వారాలు చీకటిగదిలో గడిపాక చూపు తిరిగొచ్చింది. ఆ చూపుతో యంత్రాలను కాక దేవుడి సృష్టిని చూడాలనుకుని, కాలినడకన వెయ్యిమైళ్ళు ఫ్లోరిడాకు నడిచారు. 1868లో కాలిఫోర్నియా చేరారు.

సియెర్రా కొండల్లో గొర్రెలు కాస్తూ, రంపపుమిల్లులో పనిచేస్తూ గడిపిన ఆ రోజుల కథ పుస్తకాల్లో విరివిగా దొరుకుతుంది. తక్కువగా చెప్పుకునేది ఆ తర్వాతి పదేళ్ళు. 1880 ఏప్రిల్‌లో, నలభై రెండో ఏడు నిండబోతుండగా, లూయీ స్ట్రెంట్‌జెల్‌ను పెళ్ళాడారు. మామగారు పోలండు నుంచి వచ్చిన డాక్టరు. మార్టినెజ్‌లో పెద్ద పండ్లతోట ఉండేది. అల్లుడు ఆ తోట బాధ్యత నెత్తిన వేసుకుని ద్రాక్ష, బేరిపండ్లు పండించి బాగా సంపాదించారు. 1881లో వాండా, 1886లో హెలెన్ పుట్టారు. కూతుళ్ళను చెయ్యిపట్టుకుని తిప్పుతూ పువ్వుల పేర్లు నేర్పడం ఆయనకు ఎంతో ఇష్టం. చిన్నది పుట్టినప్పటి నుంచీ నలతమనిషి కావడంతో ఇల్లు కదలబుద్ధయ్యేది కాదు. రాతపని దాదాపు మూలపడింది. దగ్గు పట్టుకుంది, మనిషి చిక్కిపోయారు.

లూయీకి కొండలెక్కడం బొత్తిగా పడదు. అయినా భర్త ఎందుకు నీరసిస్తున్నారో ఆమెకే ముందు తెలిసింది. 1888లో ఆయన రెయినియర్ పర్వతం వైపు వెళ్ళినప్పుడు ఉత్తరం రాశారు: మీ ఆరోగ్యాన్నీ మీ రాతనూ బలి కోరే తోట మనకెందుకు, పోతే పోనీ అని ఆ ఉత్తరం సారాంశం. అన్నట్టే తోటలో కొంత అమ్మారు, కొంత కౌలుకిచ్చారు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు. మన లెక్కలో వానప్రస్థం వయసు. ఆ తలుపు తెరిచింది ఇల్లాలు.

మరుసటి ఏడాదే ఆయన మళ్ళీ యోసెమిటీలో ఉన్నారు. ఆయన రాసిన వ్యాసాలు పత్రికలో వచ్చాయి. 1890 అక్టోబరు 1న యోసెమిటీ నేషనల్ పార్క్ ఏర్పడింది. 1892లో సియెర్రా క్లబ్ మొదలైంది. 1903లో ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్‌ను మూడు రాత్రులు ఆరుబయట పడుకోబెట్టారు, ఒక రాత్రి మంచు కూడా కురిసింది! ఆ ఏడాదే బయలుదేరిన ప్రపంచయాత్రలో మన దేశమూ వచ్చి, హిమాలయాల్లో దేవదారు వృక్షాలను చూసి వెళ్ళారు. అన్నీ మెచ్చుకోదగినవి కావు. స్థానిక ఆదివాసుల గురించి ఆయన మొదట్లో రాసిన కొన్ని మాటలు చదివితే బాధ కలుగుతుంది. సియెర్రా క్లబ్బే 2020లో ఆ సంగతి ఒప్పుకుంది.

1905లో హెలెన్‌కు ఊపిరితిత్తుల జబ్బు ముదిరితే, పొడిగాలి కోసం ఇద్దరు కూతుళ్ళతో అరిజోనా వెళ్ళారు. అక్కడుండగానే లూయీకి జబ్బు చేసిందని కబురొచ్చింది. ఆగస్టులో ఆమె పోయారు. ఆయన చాలాకాలం కలం పట్టలేకపోయారు. కూతుళ్ళ దగ్గరికి మళ్ళీ అరిజోనా వెళ్ళి, రాళ్ళుగా మారిన ప్రాచీన వృక్షాల మధ్య తిరుగుతూ రోజులు గడిపారు. 1906లో ప్రభుత్వం ఆ చోటునూ రక్షిత ప్రదేశంగా ప్రకటించింది.

చివరి పోరాటం హెచ్ హెచీ లోయ కోసం. శాన్ ఫ్రాన్సిస్కో నీటికోసం అక్కడ ఆనకట్ట కట్టడానికి 1913 డిసెంబరులో చట్టం వచ్చింది, ఆయన ఓడిపోయారు. ఆ ఊళ్ళో ఉన్న మనవాళ్ళు కుళాయి తిప్పితే వచ్చేవి చాలావరకు ఆ లోయ నీళ్ళే. మరుసటి డిసెంబరులో మొజావీ ఎడారిలో కాపురముంటున్న హెలెన్‌ను చూడటానికి వెళ్ళి, అక్కడే న్యుమోనియా బారిన పడ్డారు. 1914 డిసెంబరు 24న లాస్ ఏంజెలెస్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయనను యోసెమిటీలో కాక, మార్టినెజ్‌లో లూయీ పక్కనే ఖననం చేశారు.