బుట్ట పట్టుకొని ఇల్లిల్లూ తిరిగిన తల్లి



1998లో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల రూపమే మారిపోయింది. పిల్లలు పెద్ద ఉద్యోగాల్లో కుదిరారు, కొందరు విదేశాలకు వెళ్ళారు. తల్లిదండ్రులలో కొందరు వృద్ధాశ్రమాలకు చేరారు. అక్కడ వేళకు కంచంలో అన్నం పడుతుంది. అయినా సగం మెతుకులు కంచంలోనే మిగిలిపోతాయి. పునీత జీన్ జుగాన్ జీవితం చదివితే ఆ మెతుకులు ఎందుకు మిగులుతున్నాయో తెలుస్తుంది.

జీన్ 1792 అక్టోబరు 25న ఫ్రాన్సు దేశంలోని కాంకాల్ అనే సముద్రతీర గ్రామంలో పుట్టింది. తండ్రి చేపలవేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అప్పటికి ఆమె చిన్నపిల్ల. పదహారో ఏట ఒక జమీందారీ ఇంట వంటపనికి కుదిరింది. ఆ ఇంటి యజమానురాలు పేదలను చూడబోతూ ఆమెను వెంట తీసుకెళ్ళేది. పెళ్ళి సంబంధం వస్తే కాదన్నది. ఇరవై అయిదో ఏట సాన్-సెర్వాన్ పట్టణం చేరి ఆసుపత్రిలో రోగులకు సేవ చేసింది.

1839 చలికాలంలో, నలభై ఏడేళ్ళ వయసులో, చూపు పోయి పక్షవాతం వచ్చిన ఆన్ షోవాన్ అనే వృద్ధ వితంతువును తన ఇంటికి తెచ్చుకొంది. తన మంచం ఆమెకిచ్చి, తాను అటక మీద పడుకొంది. ఒకరు ఇద్దరయ్యారు, త్వరలోనే ఇల్లు చాలలేదు.

అంతమందికి తిండి ఎలా? అంతవరకు ఆ ముసలివారు వీధుల్లో అడుక్కొని బ్రతికేవారు. వారి బదులు జీన్ తానే బుట్ట పట్టుకొని అవే గుమ్మాలు ఎక్కింది. రొట్టె, కూరగాయలు, మాంసం, పాతబట్టలు ఏది ఇచ్చినా కృతజ్ఞతతో తీసుకొంది. ఒకాయన కోపంతో చెంపమీద కొట్టాడట. ఆ దెబ్బ తనకేననీ, ఇక తన పేదలకు ఏదైనా ఇమ్మనీ ఆమె శాంతంగా అడిగిందట.

1843లో సోదరీమణులు ఆమెనే మళ్ళీ పెద్దగా ఎన్నుకొన్నారు. కాని సభను చూస్తున్న గురువు ఆ ఎన్నికను రద్దుచేసి, ఇరవై మూడేళ్ళ మరొక సోదరిని నియమించాడు. జీన్ ఎదురాడలేదు. 1845లో ఫ్రెంచి అకాడమీ ఆమె సేవకు బహుమతి ఇచ్చింది. 1852లో మాత్రం ఆమెను మాతృగృహానికి పిలిపించి, భిక్షాటన మాన్పించారు. చివరి 27 ఏళ్ళు కొత్తగా చేరిన కన్యలతో మరుగున గడిపింది. స్థాపకురాలు ఆమేనని వారిలో చాలామందికి తెలియదు. వృద్ధులను సంతోషపెట్టడమే మన పని అని ఆమె వారికి నేర్పింది. 1879 ఆగస్టు 29న కన్నుమూసింది. నిజం తరువాత వెలికివచ్చింది. 2009 అక్టోబరు 11న పదహారవ బెనెడిక్ట్ పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆమె సభ, లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్, మన సికింద్రాబాదులోనూ వృద్ధుల గృహం నడుపుతోంది.

వయసు మళ్ళినకొద్దీ నాలుకకు రుచి తగ్గుతుంది, పళ్ళు కదులుతాయి, దాహం తెలియదు. ఆకలి తగ్గినా ఒంటికి మాంసకృత్తుల అవసరం తగ్గదు. కాబట్టి మెత్తగా ఉడికిన పప్పు, గుడ్డు, పెరుగు, అరటిపండు వారికి పడాలి. ఇవన్నీ ఉన్నా, ఒంటరిగా తినేవారికి ముద్ద దిగదు. పక్కన ఒకరు కూర్చొని మాట్లాడుతూ తింటే ఇంకో రెండు ముద్దలు లోపలికి వెళతాయి. జీన్ ఆ వృద్ధులకు రొట్టెతోపాటు ఇచ్చింది ఈ తోడునే.

నెలనెలా డబ్బు కట్టేస్తే మన బాధ్యత తీరిందా? ఈ ఆదివారం దివ్యబలిపూజ తరువాత ఆశ్రమానికి వెళ్ళండి. మీ అమ్మ కంచంలో ఏముందో చూడండి. నాన్నకు ఏది తినాలనిపిస్తోందో అడిగి, చేసి తీసుకెళ్ళండి. ఎవరూ రాని మరొక పెద్దాయన పక్కన కూడా కాసేపు కూర్చోండి. జీన్ జుగాన్ పండుగ ఆగస్టు 30న వస్తుంది. అప్పటిదాకా ఆగనక్కరలేదు.