బండి విప్పి చదువుకున్న జి.డి. నాయుడు గారు

మా 2005 మోడల్ కారు ఈమధ్య నడుపుతుంటే కుడివైపుకి లాగుతోంది. గ్రోసరీస్ తెచ్చి ఆపాక చూస్తే ముందు కుడి చక్రం దగ్గర సెగ, కాలిన వాసన. బ్రేక్ కాలిపర్‌లో పిస్టన్ పట్టేసింది. షాపులో చెప్పిన ఖర్చు విన్నాక, ముందువి రెండూ ఇంట్లోనే మార్చుకుందాం అనుకున్నాం. శనివారం గరాజ్‌లో జాక్ స్టాండ్ల మీద కారు నిలబెట్టి, పాతవి తీసి కొత్తవి బిగించాం. పైపు బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేశాం, బ్రేక్ ఆయిల్ పోశాం. గొట్టాల్లో గాలి పోయేదాకా మా వారు పెడల్ తొక్కడం, నేను బ్లీడర్ స్క్రూ తిప్పడం. గంటసేపు చేసినా పెడల్ స్పాంజిలా లోపలికి పోతూనే ఉంది. బి.ఎస్సీ.లో ఫిజిక్స్ చదివినదాన్ని. ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది అని తెలుసు. గాలి ఎక్కడుందో మాత్రం తెలియలేదు. ఆ రాత్రి నిద్రపట్టక జి.డి. నాయుడు గారి గురించి ఆలోచించాను.

మా అమ్మమ్మ వాళ్లది కోయంబత్తూరు వైపు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇంట్లో ఏ వస్తువు పాడైనా ఆవిడ నోట వచ్చే మొదటి పేరు నాయుడు గారిదే.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో, అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. పసితనంలోనే తల్లి పోయింది. బడి అంటే గిట్టేది కాదు. మాస్టార్ల మీద ఇసుక చల్లి బయటపడ్డాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. (మా అబ్బాయికి ఈ ముక్క చెప్పలేదు.)

ఒకసారి ఒక బ్రిటిష్ రెవెన్యూ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ మీద రావడం చూశాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా పరిగెత్తే బండి! అది కావాలి. కొనడానికి డబ్బు లేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరి, కాస్త కాస్త కూడబెట్టి, చివరికి ఆ బండినే సుమారు 300 రూపాయలకి కొన్నాడు. కొన్నవాడు దర్జాగా ఊరేగలేదు. భాగాలన్నీ విప్పేశాడు, మళ్లీ బిగించాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా నచ్చే ఘట్టం ఇదే. ఎవరైనా విప్పగలరు. చూసి నేర్పేవాళ్లు ఎవరూ లేకుండా మళ్లీ నడిచేలా బిగించడానికి ఎన్నిసార్లు తప్పు చేసి ఉండాలి!

అక్కడి నుంచి మెకానిక్ అయ్యారు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తనే నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగి, దేశంలో బాగా నడిచే బస్సు కంపెనీల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. 1937లో పీలమేడులో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి తయారుచేసిన ఎలక్ట్రిక్ మోటారుని మన దేశంలో మొదటిదిగా చెబుతారు. బ్యాటరీతో నడిచే షేవింగ్ రేజర్, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను చేశారు. 1941లో అయిదు వాల్వుల రేడియోని 70 రూపాయలకే ఇవ్వగలనన్నారు. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు రెండు వేల రూపాయలకి తయారైంది, కానీ ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అక్కడే ఆగిపోయింది.

బడి మానేసిన ఈయనే 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీకి, పాలిటెక్నిక్‌కి విరాళమిచ్చి, ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు పెట్టిన ఆ కాలేజీయే నేటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ. నాలుగేళ్ల కోర్సు దండగ, రెండేళ్లలో నేర్పొచ్చు అని ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఇందులో నేను పూర్తిగా ఆయన వైపు లేను. పాస్కల్ సూత్రం తెలియకుండా బ్రేకుల జోలికి వెళ్లకూడదనే నమ్ముతాను. కానీ మూడేళ్ల డిగ్రీలో నా చేతికి ఒక్క రించ్ కూడా రాలేదన్నదీ నిజమే.

1974 జనవరి 4న ఆయన పోయారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన పేరిట మ్యూజియం, పాత కార్ల మ్యూజియం ఉన్నాయి. ఇండియా వెళ్లినప్పుడు పిల్లల్ని తీసుకెళ్లండి.

ఆదివారం పొద్దున్నే చక్రాలు మళ్లీ విప్పాను, ఈసారి ఏమీ తిప్పకుండా ముందు చూడ్డానికే. బ్లీడర్ స్క్రూ కాలిపర్‌కి కింద వైపు ఉంది. పాత కాలిపర్ పక్కన పెట్టి చూస్తే దానికి పైన ఉంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించేశాం! గాలి పైకి పోతుంది కదా, మూత కింద ఉంటే ఎలా బయటికొస్తుంది? రెండూ మార్చి, మళ్లీ కొత్త వాషర్లు వేసి బ్లీడ్ చేస్తే పెడల్ రాయిలా నిలబడింది. డ్రైవ్‌వేలో నెమ్మదిగా నాలుగుసార్లు ఆపి చూశాక, ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఇంకో పదిసార్లు ఆపాం. ఆ తర్వాతే పిల్లల్ని ఎక్కించాం.

మా అబ్బాయి ఇప్పుడు పాత వాక్యూమ్ క్లీనర్ విప్పుతానంటున్నాడు. స్క్రూలు వరసగా పెట్టుకోమని నా మఫిన్ ట్రే ఇచ్చాను.